మాయమైన మంచు సరస్సును తిరిగి గీయడం ఎలా: హిచ్‌కాక్ సరస్సు ఉదాహరణగా సమగ్ర మార్గదర్శి

అమెరికా ఈశాన్యంలో కనెక్టికట్ నది పారే లోయలో సుమారు 18 వేల ఏళ్ళ క్రితం, మంచుయుగపు భారీ మంచు పలక కరిగి ఉత్తరానికి తగ్గుతున్నప్పుడు, ఒక పెద్ద సరస్సు పుట్టి, కొన్ని వేల ఏళ్ళు నిలిచింది. కనెక్టికట్ రాష్ట్రంలోని రాకీ హిల్ నుంచి వెర్మాంట్ రాష్ట్రంలోని సెయింట్ జాన్స్‌బరీ పరిసరాల దాకా, దాదాపు 320 కిలోమీటర్ల పొడవునా దాని ఆనవాళ్ళు దొరుకుతాయి. పంతొమ్మిదో శతాబ్దపు భూవిజ్ఞాని ఎడ్వర్డ్ హిచ్‌కాక్ పేరు మీద దాన్ని హిచ్‌కాక్ సరస్సు అంటారు. ఇవాళ ఆ లోయలో పొలాలు, ఊళ్ళు, కాలేజీలు ఉన్నాయి. హార్ట్‌ఫర్డ్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలు కూడా ఆ సరస్సు అడుగుమీదే ఇళ్ళు కట్టుకుని ఉన్నాయి.

ఇలాంటి సరస్సును తిరిగి గీయడానికి ఏం చూడాలి, ఏ వరుసలో చూడాలి, ఎక్కడ పొరపడతాం అన్నది ఈ వ్యాసం. హిచ్‌కాక్ సరస్సును ఎంచుకోవడానికి కారణం ఉంది. దానిమీద వందేళ్ళకు పైగా పని జరిగింది, లైడార్ డేటా (విమానం నుంచి లేజర్ కిరణాలతో కొలిచిన నేల ఎత్తులు) ఉచితంగా దొరుకుతుంది, ఆనవాళ్ళు రోడ్డు పక్కనే కనిపిస్తాయి. జియాలజీ చదవకపోయినా, మ్యాపులంటే ఇష్టం ఉండి, ఓపిక ఉన్నవాళ్ళు మొదటి ఐదు దశల్లో చాలా భాగం ఇంట్లో కూర్చుని చేయగలరు. వాటిలోని నేలమీది పరిశీలనలకు, తర్వాతి దశలకు బయటికి వెళ్ళాలి, కొన్నిటికి ల్యాబ్ కావాలి.

మొదలుపెట్టే ముందు: నీళ్ళు ఎందుకు ఆగాయి, ఎటు పొర్లాయి?

సరస్సు అంటే మన చెరువు లాంటిదే. నీళ్ళను ఆపే కట్ట ఉండాలి, మిగులు నీళ్ళు పోయే అలుగు ఉండాలి. ఆ అలుగు ఎత్తే నీటిమట్టాన్ని నిర్ణయిస్తుంది. ఈ రెండూ చూపించలేకపోతే మ్యాపులో ఎంత అందంగా నీలం రంగు నింపినా అది ఊహే.

ఈ మాట ఎంత ముఖ్యమో చెప్పడానికి స్కాట్లాండ్‌లోని గ్లెన్ రాయ్ కంటే మంచి ఉదాహరణ లేదు. ఆ లోయ రెండు వైపులా కొండ వాలుల మీద 260, 325, 350 మీటర్ల ఎత్తుల్లో మూడు సమాంతర గీతలు రోడ్లలా కనిపిస్తాయి. 1838లో చార్లెస్ డార్విన్ వాటిని చూశాడు. దక్షిణ అమెరికాలో పైకి లేచిన సముద్ర తీరాలను చూసి వచ్చినవాడు కాబట్టి, ఇవి కూడా పాత సముద్ర తీరాలేనని 1839లో రాశాడు. నీళ్ళను ఆపిన కట్ట ఆయనకు ఎక్కడా కనిపించలేదు, అందుకే సరస్సు అన్న ఆలోచనను పక్కన పెట్టాడు. మరుసటి ఏడాదే, 1840లో, మంచునదులను అధ్యయనం చేసిన లూయీ అగాసీ వచ్చి ఆ కట్ట మంచుదని, అది కరిగిపోయిందని చెప్పాడు. 1863లో థామస్ జేమీసన్ దాన్ని గట్టిగా నిలబెట్టాడు: ఒక్కో గీత ఎత్తు, నీళ్ళు పొర్లిపోగలిగిన ఒక్కో కనుమ ఎత్తుతో కలుస్తోంది. వాదన తేలింది అక్కడే. డార్విన్ తన వ్యాసం పెద్ద వైఫల్యమని తర్వాత ఒప్పుకున్నాడు. ఆయన పరిశీలనలో లోపం లేదు. కట్టే కరిగిపోగలదన్న అవకాశం ఆయన ముందు లేదు, అంతే.

కాబట్టి మంచు కప్పిన నేలలో పనిచేసేటప్పుడు, ఇప్పుడు కనిపించే కొండలు మాత్రమే కట్టలు అనుకోవద్దు. మంచు, మంచు వదిలిన మట్టిదిబ్బలు, కొండచరియలు, ఏవైనా కట్ట కావచ్చు.

దశ 1: మ్యాపులు, ఎత్తుల డేటా సేకరించడం

కావలసినవి మూడు. ఒకటి, లైడార్‌తో చేసిన ఎత్తుల గ్రిడ్. చెట్లను తీసేసి నేలను మాత్రమే చూపేది తీసుకోవాలి. అమెరికాలో ప్రభుత్వ భూవిజ్ఞాన సంస్థ యూఎస్‌జీఎస్ దీన్ని ఉచితంగా ఇస్తుంది. రెండు, ఉపరితల మట్టి మ్యాపులు. ఎక్కడ ఇసుక, ఎక్కడ సరస్సు బంకమన్ను, ఎక్కడ మంచు వదిలిన రాళ్ళమట్టి ఉందో ఇవి చెబుతాయి. కనెక్టికట్, మసాచుసెట్స్ రెండిటికీ మంచి మ్యాపులు ఉన్నాయి. మూడు, బావుల రికార్డులు, వంతెనల పునాదుల కోసం వేసిన బోర్ల రికార్డులు. చాలామంది వీటిని వదిలేస్తారు. కానీ బంకమన్ను ఎంత లోతు ఉందో, దానికింద ఏముందో చెప్పేది ఇవే.

సాఫ్ట్‌వేర్‌కి క్యూజీఐఎస్ చాలు. డబ్బు ఖర్చు లేదు.

మొదటి రోజే ఒక జాగ్రత్త తీసుకోండి. అన్ని ఎత్తులూ ఒకే యూనిట్‌లో, ఒకే ఆధార మట్టంలో (ఎత్తును ఎక్కడి నుంచి కొలుస్తారో ఆ సున్నా) ఉన్నాయో లేదో చూడండి. పాత టోపో షీట్లు అడుగుల్లో ఉంటాయి, లైడార్ మీటర్లలో ఉండొచ్చు, కొన్ని రాష్ట్రాల డేటాలో అడ్డ కొలత అడుగుల్లో, నిలువు కొలత మీటర్లలో ఉంటుంది. ఇది గమనించకపోతే తర్వాత వచ్చే వాలు లెక్క మొత్తం తప్పుతుంది, తప్పు ఎక్కడుందో వెతకడం చాలా కష్టం.

దశ 2: నీటి అంచు ఎక్కడుందో పట్టుకోవడం

తీరం అనగానే అందరూ అలలు కోసిన గట్టు కోసం వెతుకుతారు. హిచ్‌కాక్ లాంటి సన్నటి, పొడవాటి సరస్సులో అలాంటివి తక్కువ. గాలికి అలలు పెద్దగా లేవడానికి అడ్డంగా అంత వెడల్పు లేదు. ఇక్కడ అసలైన సాక్షులు డెల్టాలు.

నది సరస్సులో కలిసే చోట గులకరాళ్ళు, ఇసుక దింపుతుంది. పైన దాదాపు సమతలంగా గులకరాళ్ళ పొరలు పరుచుకుంటాయి. వాటి ముందువైపు, నీళ్ళలోకి జారిన ఇసుక పొరలు 20 నుంచి 30 డిగ్రీల వాలుతో వంగి ఉంటాయి. పైనున్న సమతల పొరలు, కిందున్న వాలు పొరలు కలిసే గీత అప్పటి నీటిమట్టానికి చాలా దగ్గరగా ఉంటుంది. మనకు కావలసింది ఆ గీత. డెల్టా పైభాగం కాదు.

పైభాగం ఆ గీతకంటే కొన్ని మీటర్లు ఎత్తులో ఉంటుంది, పైగా నది ఎగువకు పోయేకొద్దీ ఆ తేడా పెరుగుతుంది. లైడార్‌లో డెల్టా బల్లలా చదునుగా కనిపిస్తుంది కాబట్టి దాని పైభాగపు ఎత్తునే నీటిమట్టంగా రాసుకోవాలనిపిస్తుంది. అలా చేయొద్దు. గీత కనిపించాలంటే ఇసుక క్వారీలో కోసిన గోడ కావాలి. చురుగ్గా పనిచేస్తున్న క్వారీ అయితే యజమాని అనుమతి, హెల్మెట్ తప్పనిసరి. తడిసిన ఇసుక గోడ ఏ హెచ్చరికా లేకుండా కూలుతుంది, దాని కిందికి వెళ్ళి కొలవొద్దు. గోడకు దూరంగా నిలబడి లేజర్ రేంజ్‌ఫైండర్‌తో కొలిచినా సరిపోతుంది.

మసాచుసెట్స్‌లోని మాంటేగ్ ప్లెయిన్స్ ఇలాంటి ఒక పెద్ద డెల్టా. ఇసుక నేల కాబట్టి అక్కడ పిచ్ పైన్ చెట్ల అడవి పెరిగింది, చుట్టూ ఉన్న సారవంతమైన లోయ భూమికి పూర్తిగా భిన్నంగా ఉంటుంది. స్ప్రింగ్‌ఫీల్డ్ దగ్గర చికోపీ నది, వెస్ట్‌ఫీల్డ్ నది కట్టిన డెల్టాలు కూడా లైడార్‌లో వెంటనే కంటికి కనిపిస్తాయి.

ప్రతి డెల్టానూ ఒక ప్రశ్న అడగండి: దీన్ని కట్టింది మంచు అంచు నుంచి నేరుగా వచ్చిన నీళ్ళా, లేక మంచు వెళ్ళిపోయాక పక్క లోయ నుంచి వచ్చిన నదా? మంచు ఆనుకుని ఉన్న డెల్టా మీద గుండ్రటి గుంటలు ఉంటాయి. అవి మట్టిలో పూడిపోయిన మంచుగడ్డలు కరిగిన చోట్లు. దాని ఎగువ అంచు నిటారుగా, మంచును అచ్చు వేసినట్టు ఉంటుంది. రెండో రకం డెల్టాలు సరస్సు తగ్గుతున్నప్పుడు కూడా పెరుగుతూ పోయాయి, కాబట్టి వాటిలో తక్కువ మట్టాల మెట్లు కలిసిపోయి ఉంటాయి. ఈ రెండిటినీ ఒకే టేబుల్‌లో వేస్తే మీ నీటిమట్టం గజిబిజి అవుతుంది.

రాసుకునేటప్పుడు ప్రతి బిందువుకూ ఎత్తుతోపాటు అది ఎంత నమ్మదగిందో రాయండి. కోసిన గోడలో గీత చూసి కొలిచింది ఒక మీటరు అటూ ఇటూ. పైభాగం చూసి అంచనా వేసింది ఐదు మీటర్లు అటూ ఇటూ. ఈ కాలమ్ లేని టేబుల్‌ను నేనైతే నమ్మను.

దశ 3: వాలిపోయిన నీటిమట్టాన్ని సరిచేయడం

ఈ పని మొత్తంలో నాకు అన్నిటికంటే అద్భుతంగా అనిపించేది ఈ దశే. డెల్టా గీతల ఎత్తులను ఉత్తరం నుంచి దక్షిణానికి వరసగా పెడితే అవి ఒకే ఎత్తులో ఉండవు. ఉత్తరానికి పోయేకొద్దీ పెరుగుతాయి. నీటి ఉపరితలం వాలుగా ఉండదు కదా, మరి?

కిలోమీటరుకు పైగా మందం ఉన్న మంచు బరువుకు నేల కుంగింది. మంచు మందంగా ఉన్న ఉత్తరాన ఎక్కువ, అంచు దగ్గర తక్కువ. మంచు పోయాక ఆ నేల నెమ్మదిగా పైకి లేచింది. ఉత్తరాన ఎక్కువగా లేచింది కాబట్టి, ఒకప్పుడు సమంగా ఉన్న సరస్సు గీత ఇప్పుడు వాలిపోయి కనిపిస్తుంది. హిచ్‌కాక్ సరస్సుకు ఈ వాలు కిలోమీటరుకు దాదాపు 0.9 మీటర్లు. ఎక్కేది ఉత్తరం నుంచి సుమారు 21 డిగ్రీలు పడమరకు తిరిగిన దిశలో.

లెక్క ఇలా చేయాలి. దక్షిణాన నమ్మకమైన ఒక బిందువును ఆధారంగా తీసుకోండి. అక్కడి నుంచి మీ డెల్టా ఎన్ని కిలోమీటర్లు ఉత్తరాన ఉంది, ఎన్ని కిలోమీటర్లు తూర్పున ఉంది అన్నది కొలవండి. ఉత్తరపు దూరాన్ని 0.934తో గుణించి, దాని నుంచి తూర్పు దూరాన్ని 0.358తో గుణించి తీసేయండి. వచ్చేది వాలు దిశలో దూరం. దాన్ని 0.9తో గుణిస్తే ఆ రెండు చోట్ల మధ్య ఎత్తు తేడా మీటర్లలో వస్తుంది. ఉదాహరణకు 80 కిలోమీటర్లు ఉత్తరాన, 20 కిలోమీటర్లు తూర్పున ఉన్న డెల్టాకు వాలు దిశలో దూరం 67.6 కిలోమీటర్లు, ఎత్తు తేడా దాదాపు 61 మీటర్లు. తూర్పు దూరాన్ని పట్టించుకోకపోతే ఆరు మీటర్లకు పైగా తప్పు వస్తుంది. రెండు వేరువేరు సరస్సు మట్టాలు ఉన్నాయని పొరబడటానికి ఆ ఆరు మీటర్లు చాలు.

మీ ప్రాంతానికి వాలు ముందే తెలియకపోతే మీరే కనుక్కోవాలి. సిద్ధాంతం ప్రకారం మూడు బిందువులు ఒక తలాన్ని నిర్ణయిస్తాయి, కానీ మూడింటితో వచ్చిన తలంలో తప్పు ఉన్నా కనిపించదు. పది, పదిహేను తీసుకుని లీస్ట్ స్క్వేర్స్ పద్ధతిలో, అంటే అన్ని బిందువులకూ వీలైనంత దగ్గరగా పోయేలా, తలం సరిపెట్టండి. స్ప్రెడ్‌షీట్‌లో లినెస్ట్ ఫంక్షన్ ఈ పని చేసేస్తుంది. తర్వాత ఏ బిందువు తలానికి ఎంత దూరంగా ఉందో చూడండి. రెండు మీటర్లలోపు ఉంటే సంతోషం. ఒకటి ఎనిమిది మీటర్లు కింద ఉంటే దాన్ని చెరిపేయకండి, మళ్ళీ వెళ్ళి చూడండి. బహుశా అది తర్వాతి తక్కువ మట్టానిది.

హిచ్‌కాక్ విషయంలో తేలిన సంగతి చూడండి. మంచు ఉత్తరానికి వెనక్కు తగ్గుతూ ఉండగా ఒక డెల్టా తర్వాత ఒకటిగా వేరువేరు కాలాల్లో ఏర్పడ్డాయి. అయినా వాటి గీతలన్నీ ఒకే తిన్నటి తలం మీద పడతాయి. ఆ కాలంలోనే నేల లేస్తూ ఉంటే ముందు కట్టినవి ఎక్కువగా, తర్వాతవి తక్కువగా లేచి, గీత వంగి ఉండాలి. వంగలేదు. అంటే ఆ డెల్టాలు కట్టినంత కాలం నేల కదల్లేదు, లేవడం తర్వాత మొదలైంది. ఇసుక క్వారీ గోడల మీద కొలిచిన ఎత్తుల నుంచి భూమి లోపలి పొరలు ఎంత ఆలస్యంగా స్పందించాయో తెలిసింది! 1980ల చివర్లో ఈ ఫలితం అచ్చయింది.

దశ 4: నీళ్ళు నింపడం

తలం దొరికాక, మీ మ్యాపు నాలుగు మూలలకూ నీటి ఎత్తు లెక్కగట్టండి. క్యూజీఐఎస్‌లో టిన్ ఇంటర్‌పొలేషన్‌తో వాలు తలపు రాస్టర్ (ప్రతి గడికీ ఒక ఎత్తు ఉండే గ్రిడ్) తయారవుతుంది. రాస్టర్ క్యాలిక్యులేటర్‌లో దాని నుంచి నేల ఎత్తును తీసేయండి. పాజిటివ్ వచ్చిన చోటల్లా నీళ్ళు, ఆ అంకె లోతు. తర్వాత పాలిగాన్‌గా మార్చి, ప్రధాన లోయతో కలిసి ఉన్న ముక్కను మాత్రమే ఉంచండి. విడిగా కొండల అవతల పడ్డ నీలం మచ్చలు ఈ సరస్సు కావు.

ఇప్పుడు వచ్చిన మ్యాపు చూడటానికి బాగుంటుంది, కానీ రెండు కారణాల వల్ల నిజం కాదు. నేటి నేల అప్పటి సరస్సు అడుగు కాదు. కొన్నిచోట్ల వందల ఏళ్ళ బంకమన్ను, ఇసుక పేరుకుంది. మరికొన్నిచోట్ల సరస్సు ఖాళీ అయ్యాక నది తవ్వుకుపోయింది. బావుల రికార్డుల్లో బంకమన్ను అడుగు ఎక్కడ తగిలిందో చూసి, సరస్సు మొదట్లో ఉన్న లోతును విడిగా లెక్కకట్టండి. తవ్వుకుపోయిన నది పాయను పక్కనున్న సరస్సు అడుగు మెట్ల ఎత్తుతో పూడ్చి, చివర్లో ఉన్న లోతును ఇంకో లేయర్‌గా పెట్టండి. రెండూ వేరువేరు కాలాలవి, కలపొద్దు.

రెండోది ఇంకా పెద్దది: ఉత్తరాన మంచు ఉంది. 320 కిలోమీటర్లూ ఒకేసారి నీలం రంగు నింపితే తప్పే. మంచు అంచు వెనక్కు జరిగేకొద్దీ సరస్సు ఉత్తరానికి సాగింది. కాబట్టి ఒక మ్యాపు కాదు, వరుస మ్యాపులు గీయాలి. ఒక్కో మ్యాపులో మంచు అంచు ఒక్కో చోట. ఆ అంచు ఎప్పుడు ఎక్కడుందో దశ 6 చెబుతుంది.

దశ 5: కట్ట, అలుగు

మీ వాలు తలాన్ని దక్షిణానికి పొడిగించండి. అది ఎక్కడ లోయను తాకి ఆగుతుందో, ఎక్కడ ఒక కనుమ ఎత్తుతో సరిగ్గా కలుస్తుందో చూడండి. హిచ్‌కాక్ సరస్సుకు కట్ట రాకీ హిల్ దగ్గర ఉంది. మంచు కరిగిన నీళ్ళు అంతకుముందు దింపిన ఇసుక, గులకరాళ్ళు లోయను అక్కడ పూడ్చేశాయి. మిగులు నీళ్ళు ఆ కట్ట మీదుగా కాకుండా పడమటి వైపు న్యూ బ్రిటన్ దగ్గరున్న పల్లం గుండా పోయాయి. ఆ అలుగు చాలాకాలం పెద్దగా కోసుకుపోలేదు కాబట్టే మట్టం అంత నిలకడగా ఉంది. చివరికి రాకీ హిల్ కట్టే కోసుకుపోయింది. నేటి కనెక్టికట్ నది ఆ గండి గుండానే పారుతోంది.

అలుగును నిర్ధారించడానికి చూడాల్సినవి: ఇప్పుడున్న చిన్న వాగుకు పొంతన లేనంత వెడల్పాటి కాలువ, అడుగున సన్నమట్టి కొట్టుకుపోయి మిగిలిన పెద్ద రాళ్ళు, దిగువన అకస్మాత్తుగా గులకరాళ్ళ మేట. ఇవేవీ లేకుండా ఎత్తు మాత్రమే సరిపోతే అది యాదృచ్ఛికం కావచ్చు.

దశ 6: ఏటి పొరలు చదవడం

వేసవిలో మంచు కరిగి, నదులు సన్నటి ఇసుక, ఒండ్రు తెచ్చి సరస్సులో పోస్తాయి. చలికాలంలో పైన మంచు గడ్డకట్టి, నీళ్ళు కదలకుండా నిలిచినప్పుడు, అప్పటిదాకా తేలుతున్న అతి సన్నటి బంకమన్ను నెమ్మదిగా అడుగుకు దిగుతుంది. లేత రంగు వేసవి పొర, ముదురు రంగు చలికాలపు పొర, రెండూ కలిస్తే ఒక ఏడాది. ఈ జతను వార్వ్ అంటారు. స్వీడన్‌లో గెరార్డ్ డి గీర్ వీటిని లెక్కపెట్టి మంచు వెనక్కు తగ్గిన చరిత్రను ఏళ్ళవారీగా 1912లో ప్రచురించాడు. 1920లో ఆయన బృందంతో వచ్చిన ఎర్న్‌స్ట్ ఆంటెవ్స్ కనెక్టికట్ లోయలోని ఇటుక బట్టీల మట్టి గోతుల్లో అదే పని చేసి, 1922లో న్యూ ఇంగ్లండ్ వార్వ్ క్రమాన్ని అచ్చువేశాడు. ఏళ్ళకు అసలు తేదీలు తెలియవు కాబట్టి ఆంటెవ్స్ తన లెక్కను 3001 అనే ఊహా సంఖ్యతో మొదలుపెట్టాడు. ఆ అంకెలు చాలాకాలం వాడుకలో ఉన్నాయి.

మీరు చేయడానికి నది ఒడ్డున కోతపడ్డ చోటు, లేదా అనుమతి ఉన్న మట్టి గొయ్యి కావాలి. తడి బంకమన్ను జారుడుగా ఉంటుంది, వర్షాల తర్వాత గట్టు మొత్తంగా జారుతుంది, వసంతకాలంలో వెళ్ళకండి. చదునైన కరణెతో గోడను నిలువుగా, నున్నగా చెక్కండి. వెంటనే ఫొటో తీయకండి. కాసేపు ఆరనివ్వండి. ఒండ్రు ముందు ఆరి తెల్లబడుతుంది, బంకమన్ను తడిగా, నల్లగా మిగులుతుంది. ఆ సమయంలో పొరలు ఎంత స్పష్టంగా కనిపిస్తాయంటే అప్పటిదాకా గోడలో ఏమీ లేదనుకున్నవాళ్ళు ఆశ్చర్యపోతారు. పక్కన స్కేల్ పెట్టి, ఒక ఫొటో మీద ఇంకోటి కొంత అతివ్యాప్తి అయ్యేలా తీయండి. వీలైతే నిలువునా సగానికి కోసిన ప్లాస్టిక్ పైపును గోడలోకి గుచ్చి శాంపిల్ తీసుకెళ్ళి, ఇంట్లో మళ్ళీ ఆరబెట్టి కొలవండి.

కొలిచేటప్పుడు చలికాలపు బంకమన్ను పైఅంచును ఏడాది చివరగా పెట్టుకోండి. అక్కడ అంచు పదునుగా ఉంటుంది. వేసవి పొరలో మధ్యలో ఒకటి రెండు సన్నటి బంకమన్ను చారలు కనిపిస్తే వాటిని వేరే ఏళ్ళుగా లెక్కపెట్టొద్దు. అవి ఒకే వేసవిలో వచ్చిన వరదలు, ఆగిన రోజులు. తేడా ఎలా తెలుస్తుంది? అసలైన చలికాలపు పొర మందం ఏటేటా పెద్దగా మారదు, జిడ్డుగా, నున్నగా ఉంటుంది. వేసవి పొర మాత్రం ఏడాదికొక రకంగా ఉంటుంది. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి, తర్వాత పోల్చుకోవాలి. తేడా వచ్చిన చోట కలిసి కూర్చుని తేల్చుకోవాలి. ఒక్కరి లెక్కకు నేను విలువ ఇవ్వను.

తర్వాత మందాల గ్రాఫ్ గీయండి, లాగ్ స్కేల్‌లో అయితే మంచిది. రెండు చోట్ల గ్రాఫులను పక్కపక్కన జరుపుతూ పోలిక వెతకండి. ఒకే ఏడాది పొర మంచు దగ్గర మందంగా, దూరాన పలచగా ఉంటుంది కాబట్టి మందం అంకెలు కలవవు, ఎత్తుపల్లాల తీరు కలవాలి. కనీసం కొన్ని పదుల ఏళ్ళు వరుసగా కలవకపోతే నమ్మకండి. ఐదారు పొరల పోలిక ఎక్కడైనా దొరుకుతుంది.

అసలు లాభం ఇక్కడుంది: ఒక చోట అన్నిటికంటే కింద, రాళ్ళమట్టిని ఆనుకుని ఉన్న మొదటి వార్వ్ ఏడాది సంఖ్య తెలిస్తే, ఆ ఏడాదే మంచు ఆ చోటును వదిలిందని అర్థం. లోయ పొడవునా ఇలాంటి చోట్లు వరుసగా పెడితే మంచు అంచు ఏళ్ళవారీగా ఎలా జరిగిందో వస్తుంది. దశ 4లో కావలసిన అంచు గీతలు ఇవే.

ఆంటెవ్స్ క్రమంలో న్యూ హాంప్‌షైర్‌లోని క్లేర్‌మాంట్ దగ్గర ఒక ఖాళీ మిగిలింది. కింది వరుసకూ పై వరుసకూ మధ్య ఎన్నేళ్ళు పోయాయో ఆయన అంచనా వేయాల్సి వచ్చింది. తర్వాతి తరం పరిశోధకులు కొత్త కోర్లు (గొట్టంతో నిలువుగా తీసిన మట్టి శాంపిళ్ళు) తీసి, రెండు వరుసలూ నిజానికి ఒకదానిమీద ఒకటి వస్తాయని చూపి ఆ ఖాళీని మూసేశారు. 2012 నాటికి 18,200 నుంచి 12,500 ఏళ్ళ క్రితం దాకా 5,659 ఏళ్ళ అవిచ్ఛిన్న క్రమం సిద్ధమైంది. టఫ్ట్స్ యూనివర్సిటీ ఈ డేటాను అందరికీ అందుబాటులో ఉంచింది, మీ గ్రాఫును దాంతో పోల్చుకోవచ్చు. ఈ పొరల మందాల్లో ఎల్ నీన్యో లాంటి కొన్నేళ్ళ లయ కూడా ఉందని 2000లో ఒక పరిశోధన చూపింది.

దశ 7: అసలు తేదీలు

వార్వ్‌లు ఏళ్ళ మధ్య దూరం చెబుతాయి, ఇప్పటికి ఎన్నేళ్ళో చెప్పవు. దానికి కొన్ని పొరల్లో ఆకులు, కొమ్మల ముక్కలు దొరికితే రేడియోకార్బన్ పరీక్ష చేయించాలి. నేలమీద పెరిగిన మొక్కల ముక్కలే పంపండి. నీటి మొక్కలు, మొత్తం మట్టి శాంపిళ్ళు పాత కార్బన్ కలిసి వయసు ఎక్కువ చూపుతాయి. వెర్మాంట్‌లోని కెనూ బ్రూక్‌లో వార్వ్‌ల మధ్య దొరికిన మొక్కల ముక్కలు ఈ క్రమాన్ని కాలానికి కట్టిన ముఖ్యమైన ముడుల్లో ఒకటి. రేడియోకార్బన్ వయసు, క్యాలిబ్రేట్ చేసిన (అసలు ఏళ్ళలోకి సరిచేసిన) వయసు వేరు. ఈ కాలానికి తేడా సుమారు రెండు నుంచి మూడు వేల ఏళ్ళు. టేబుల్‌లో ఏది రాశారో ప్రతిసారీ చెప్పండి.

మొక్కలు దొరకని చోట మట్టిలోని అయస్కాంత దిశ, బండరాళ్ళు బయటపడ్డప్పటి నుంచి వాటిలో పేరుకున్న బెరీలియం-10, ఇసుక దిబ్బలకు ఓఎస్ఎల్ పద్ధతి (ఇసుక చివరిసారి ఎండ చూసిన కాలాన్ని కొలిచేది) ఉన్నాయి. ఇవన్నీ ల్యాబ్ పనులు, ఖర్చుతో కూడినవి.

దశ 8: సరస్సులో, ఒడ్డున ఎవరున్నారు

అప్పటి మొక్కలేవో తెలుసుకోవడానికి చాలామంది ఇక్కడ నేరుగా వార్వ్‌ల్లో పుప్పొడి వెతుకుతారు. ఆ బంకమన్నులో ఒండ్రు ఎంత ఎక్కువగా, ఎంత వేగంగా పడిందంటే పుప్పొడి పలచబడిపోయింది, పైగా పాత మట్టి నుంచి కొట్టుకొచ్చిన రేణువులు కలిశాయి. ఒడ్డున ఉన్న వృక్షజాలం కోసం చుట్టుపక్కల కొండల్లోని చిన్న చెరువుల అడుగు కోర్లు చూడండి. 1960ల్లో కనెక్టికట్‌లోని రోజర్స్ లేక్‌లో మార్గరెట్ డేవిస్ చేసిన పని దీనికి దారి చూపింది. శాతాలు మాత్రమే కాకుండా ఏడాదికి చదరపు సెంటీమీటరు మీద ఎన్ని రేణువులు పడ్డాయో ఆమె లెక్కగట్టారు. శాతాల్లో ఒక చెట్టు పెరిగితే మిగతావి తగ్గినట్టు కనిపిస్తాయి, నిజంగా తగ్గకపోయినా. మొదట చెట్లు లేని టండ్రా, గడ్డి, పొట్టి విల్లో, తర్వాత స్ప్రూస్, ఆ తర్వాత పైన్, ఇదీ స్థూలంగా ఇక్కడి వరుస.

వార్వ్‌ల ఉపరితలం మాత్రం వేరే కథ చెబుతుంది. పొరలను పుస్తకం పేజీల్లా విడదీసి, పక్కనుంచి వెలుతురు వేసి చూస్తే పురుగుల లార్వాలు పాకిన జాడలు, చేపలు రెక్కలతో అడుగును రాసిన గుర్తులు కొన్ని చోట్ల దొరికాయి. గడ్డకట్టే చల్లటి, మురికి నీళ్ళలోనూ ప్రాణం ఉందని ఇవి చెబుతాయి. అదే బంకమన్నులో దొరికే గుండ్రటి, చక్రాల్లాంటి, బొమ్మల్లాంటి గట్టి ముద్దలను చూసి శిలాజాలనుకోకండి. అవి తర్వాత సున్నం పేరుకుని గట్టిపడిన ముద్దలు. ఎడ్వర్డ్ హిచ్‌కాక్ కూడా వీటి గురించి రాశాడు.

దశ 9: సరస్సు పోయాక

సరస్సు ఒక్కరోజులో ఖాళీ కాలేదు, అన్నిచోట్లా ఒకేసారి కూడా కాలేదు. దిగువన తక్కువ ఎత్తుల్లో డెల్టా మెట్లు, నది మెట్లు ఉంటే అవి మధ్యలో ఆగిన మట్టాలు. బయటపడ్డ అడుగు మీద ఇంకా మొక్కలు మొలవకముందే గాలి ఇసుకను ఎత్తి దిబ్బలు పోసింది. లైడార్‌లో ఇవి విల్లులా వంగిన గట్లుగా కనిపిస్తాయి, ముక్కు చూపే వైపు గాలి పోయిన దిశ. దిబ్బ కింద సరస్సు బంకమన్ను ఉంటే, దిబ్బ వయసు సరస్సు ఖాళీ అయిన కాలానికి కింది హద్దు అవుతుంది: అప్పటికే నీళ్ళు పోయాయి.

దశ 10: మీ మ్యాపును మీరే ప్రశ్నించడం

అచ్చు వేసే ముందు మూడు పరీక్షలు పెట్టండి. మీ నీటిమట్టానికి పైన ఎక్కడైనా సరస్సు బంకమన్ను దొరికిందా? దొరికితే మట్టం తప్పు, లేదా అది వేరే సరస్సుది. మీ నీలం రంగు లోపల, ఆ కాలపు నీటి కింద, నేలమీద మాత్రమే ఏర్పడే గాలి దిబ్బలు గానీ మొక్కల వేళ్ళు గానీ ఉన్నాయా? తలాన్ని ఒక మీటరు పైకి, ఒక మీటరు కిందికి జరిపితే తీరం ఎంత మారుతుంది? నిటారు కొండల దగ్గర ఏమీ మారదు, చదును ఇసుక మైదానాల దగ్గర కిలోమీటరు కూడా మారొచ్చు. ఆ రెండో చోట గీతను చుక్కలతో గీయండి. తెలిసిన తీరం నిండు గీత, ఊహించిన తీరం చుక్కల గీత, మంచు అంచు వేరే రంగు. ప్రతి మ్యాపు మూలలో కాలం రాయండి.

మన దేశంలో చేయాలంటే

లద్దాఖ్‌లోని లామాయూరు దగ్గర పసుపు రంగు సరస్సు మట్టి గుట్టలను చాలామంది టూరిస్టులుగా చూసి వస్తారు. అక్కడ ఈ దశలన్నీ పనికొస్తాయి, రెండు మార్పులతో. కట్ట మంచు కాకపోవచ్చు. హిమాలయాల్లో కొండచరియలు విరిగిపడి లోయను మూసేయడం మామూలే, కాబట్టి దశ 5ను ముందు చేయండి. నేల లేవడం కూడా మంచు బరువు తగ్గినందుకు మాత్రమే కాదు, పర్వతాలే ఇంకా పెరుగుతున్నాయి, ఫాల్టులు (రాళ్ళు పక్కకో పైకో జరిగే నేలలోని పగుళ్ళు) మట్టాలను ముక్కలు చేస్తాయి. దశ 3లో ఒకే తిన్నటి తలం వస్తుందని ఆశించకుండా, ఫాల్టుకు అటూ ఇటూ విడిగా లెక్కకట్టాలి.

తెలంగాణకు ఇంకా పాత లింకు ఉంది. గోదావరి లోయలోని తాల్చేర్ రాళ్ళు సుమారు 30 కోట్ల ఏళ్ళ క్రితం గోండ్వానా (దక్షిణ ఖండాలు, భారతదేశం కలిసి ఉన్న పాత మహాఖండం) మంచు కాలంలో ఏర్పడినవి. ఆదిలాబాద్‌కు సరిహద్దు అవతల, మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఇరాయి దగ్గర, మంచు ఈడ్చిన రాళ్ళు గీసిన గీతలు సున్నపురాయి మీద ఇప్పటికీ ఉన్నాయి. తాల్చేర్‌లో మంచు మోసుకొచ్చిన రాళ్ళమట్టితోపాటు, నిలవ నీళ్ళలో దిగిన సన్నటి జత పొరలూ ఉంటాయి. కాకపోతే ఆ కాలపు కొండలు, కనుమలు, తీరాలు ఏవీ మిగల్లేదు, కాబట్టి దశ 2 నుంచి 5 దాకా అక్కడ కుదరవు. నేరుగా దశ 6తో మొదలుపెట్టి, మొదట ఆ జత పొరలు నిజంగా ఏటివో, ఒక వరదకు ఒకటి చొప్పున పడినవో తేల్చుకోవాలి. పొరల మధ్య, చుట్టూ ఉన్న సన్నటి మట్టికి పొంతన లేని విడి రాయి పడి, కింది పొరలను అదిమేసి ఉంటే దాన్ని ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టుకోండి. తేలుతున్న మంచుగడ్డ నుంచి జారి నీళ్ళలో పడ్డ రాయి అలాగే ఉంటుంది.